డకోటా ఒంటి మీది గుర్తులు: రెండో ప్రపంచ యుద్ధపు రవాణా విమానాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఫొటో దొరికినవాళ్ళు, ప్లాస్టిక్ కిట్లతో మోడళ్ళు కట్టేవాళ్ళు, యుద్ధం సినిమా చూసి ఆసక్తి పుట్టినవాళ్ళు తిప్పి తిప్పి అవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఎక్కువ భాగం సి-47 గురించే ఉంటుంది. మనవాళ్ళు డకోటా అని పిలుచుకునే విమానం అదే. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా జవాబు అక్కడికక్కడే పూర్తిగా ఉంటుంది.

## ముందుగా వచ్చే సందేహాలు

ఒక్క విమానం మీద ఇన్ని గుర్తులు ఎందుకండీ? దేశం గుర్తు ఒక్కటి చాలదా?

చాలదు. ఒక్కో గుర్తును చదివే మనిషి వేరు. నక్షత్రం, వలయం లాంటి దేశం గుర్తు కింద ఫిరంగి దగ్గర కూర్చున్న గన్నర్ కోసం. తోక మీది నంబర్ రేడియో ఆపరేటర్ కోసం, రికార్డులు రాసేవాళ్ళ కోసం. ముక్కు దగ్గరి పెద్ద అక్షరాలు పక్కన ఎగురుతున్న తోటి పైలట్ కోసం. తలుపు పక్కన సుద్దతో రాసిన అంకె చీకట్లో తన విమానం వెతుక్కునే పారాట్రూపర్ కోసం, అంటే పారాచూట్‌తో దూకే సైనికుడి కోసం. కిటికీ కింద అంగుళం ఎత్తు అక్షరాలు పెట్రోలు పోసే మెకానిక్ కోసం. ఎంత దూరం నుంచి చదవాలో దాన్నిబట్టి సైజు ఉంటుంది. అర్థం కాని గుర్తు కనబడితే "దీన్ని ఎవరు చదవాలి?" అని ఆలోచించండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

శత్రువుకు కనబడకూడదని ముదురు ఆకుపచ్చ వేసి, మళ్ళీ దాని మీద కొట్టొచ్చినట్టు తెల్ల నక్షత్రం ఏమిటి?

రెండు భయాలు ఉన్నాయి కాబట్టి. సి-47కి పైన ఆలివ్ డ్రాబ్, కింద బూడిద రంగు వేసేవారు. పైనుంచి చూసే శత్రువుకు అది నేలలో, చెట్లలో కలిసిపోవాలి. కానీ ఈ విమానానికి తుపాకులు లేవు, కవచం లేదు. తూటా తగిలితే తనంతట తాను మూసుకునే పెట్రోలు ట్యాంకులూ మామూలుగా ఉండవు. పారాట్రూపర్లను దింపేటప్పుడు వేగం తగ్గించి, కొన్ని వందల అడుగుల ఎత్తులో తిన్నగా ఎగరాలి. ఆ ఎత్తులో సొంత గన్నర్ పొరబడ్డా చావు తప్పదు. దాక్కోవడం ఎంత అవసరమో, మనవాళ్ళకు కనబడటం అంతకన్నా అవసరం. రవాణా విమానాల గుర్తుల కథంతా ఈ లాగుడులోంచి వచ్చిందే.

డకోటా, సి-47, డీసీ-3, స్కైట్రెయిన్... ఇవన్నీ ఒకటేనా?

కుటుంబం ఒకటే. డగ్లస్ కంపెనీ ప్రయాణికుల విమానం డీసీ-3 మొదటిసారి 1935 డిసెంబర్ 17న ఎగిరింది. దానికి పెద్ద సరుకు తలుపు, గట్టి నేల పెట్టి సైన్యానికి ఇచ్చింది సి-47. అమెరికన్లు దానికి పెట్టిన పేరు స్కైట్రెయిన్, బ్రిటిష్ వాయుసేన పెట్టిన పేరు డకోటా. మన దేశానికి బ్రిటిష్ దారిలో వచ్చింది కాబట్టి ఇక్కడ డకోటా అనే పేరే నిలిచింది. సైన్యం కోసం తయారైనవి పదివేలకు పైమాటే.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. యుద్ధానికి ముందే జపాన్, సోవియట్ యూనియన్ రెండూ లైసెన్సు కొనుక్కుని ఇదే విమానాన్ని తయారుచేసుకున్నాయి. జపాన్ నౌకాదళం వాడిన ఎల్2డి, రష్యన్ల లి-2 రెండూ చూడటానికి అచ్చం ఇలాగే ఉంటాయి. ఆకారం చూసి మిత్రుడో శత్రువో తేల్చలేని పరిస్థితిలో ఒంటి మీది గుర్తే దిక్కు.

## నంబర్లు, అక్షరాలు చదవడం

తోక మీద 292847 అని పసుపు అంకెలు ఉన్నాయి. ఇది ఏ లెక్క?

అది అమెరికన్ సైన్యపు సీరియల్ నంబర్. అసలు నంబర్ 42-92847. మొదటి 42 అంటే 1942 ఆర్థిక సంవత్సరం, తరవాతది ఆ ఏడాది వరస సంఖ్య. తోక మీద రాసేటప్పుడు సంవత్సరంలో మొదటి అంకె 4, మధ్యలో గీత తీసేస్తారు. మిగిలేది 292847. రేడియోలో పిలుచుకోవడానికీ ఈ నంబరే ఆధారం.

ఉదాహరణకి తీసుకున్న ఈ నంబర్ ఊరికే ఎంచుకున్నది కాదు. 1944 జూన్ 5 రాత్రి ఫ్రాన్స్ తీరంలోని నార్మండీకి పారాట్రూపర్లను మోసుకెళ్ళిన ప్రధాన దళంలో, 800కి పైగా సి-47లకు ముందు నడిచిన విమానం ఇదే. లెఫ్టినెంట్ కల్నల్ జాన్ డొనాల్సన్ నడిపాడు. ముక్కు మీద 'దట్స్ ఆల్, బ్రదర్' అని రాసి ఉండేది, హిట్లర్‌కి "ఇక నీ పని అయిపోయింది తమ్ముడూ" అన్నట్టు. యుద్ధం తరవాత చేతులు మారి మారి, చివరికి విస్కాన్సిన్‌లోని ఆష్‌కోష్‌లో ఒక యార్డులో పడి ఉంది. ఇంజిన్లు మార్చి కొత్త రకం విమానంగా మలచడానికి వరసలో పెట్టారు. పేరు చెరిగిపోయింది, రంగులు మారిపోయాయి, చరిత్ర ఎవరికీ తెలియదు. కాగితాల్లోని సీరియల్ నంబర్ ఒక్కటే దాన్ని పట్టిచ్చింది. 2018లో మళ్ళీ ఎగిరింది.

42 అని ఉంటే 1942లో తయారైనట్టేనా?

కాదు. అది ఆర్డరుకు డబ్బు కేటాయించిన ఆర్థిక సంవత్సరం. 42తో మొదలయ్యే సి-47లు చాలా 1943లో, 1944లో కూడా ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చాయి. వాహనం బుక్ చేసిన తేదీ వేరు, తయారైన తేదీ వేరు అయినట్టే ఇదీ.

తోక మీద ఒక్క అంకెతో సంవత్సరం రాయడం వల్ల తరవాత ఇంకో ఇబ్బంది వచ్చింది. పదేళ్ళు దాటితే 1942 విమానానికీ 1952 విమానానికీ తేడా తెలియదు. అందుకే 1950లలో పాత విమానాల నంబరుకు ముందు సున్నా, గీత చేర్చారు. మీ ఫొటోలో తోక మీద అలా ఉంటే అది యుద్ధకాలపు ఫొటో కాదు.

సి-47ఏ-15-డీకే అని రాస్తారు. ఆ చివరి అక్షరాలు ఏమిటి?

ఫ్యాక్టరీ. డీకే అంటే ఓక్లహోమా సిటీ, డీఎల్ అంటే కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్. మధ్యలో 15 అనేది ప్రొడక్షన్ బ్లాక్. తయారీలో చిన్న చిన్న మార్పులు వచ్చినప్పుడల్లా ఆ అంకె మారుతుంది. విడిభాగాలు తెప్పించేవాళ్ళకు ఇది ప్రాణం, మిగతావాళ్ళకు పెద్దగా పనిలేదు.

పైలట్ కిటికీ కింద చీమల బారులా చిన్న అక్షరాలు ఉన్నాయి, ఏం రాశారు?

దాన్ని డేటా బ్లాక్ అంటారు. ముక్కు ఎడమవైపు ఉంటుంది. యూ.ఎస్. ఆర్మీ అని, విమానం మోడల్, పూర్తి సీరియల్ నంబర్, ఏ గ్రేడు పెట్రోలు పోయాలో రాస్తారు. తోక మీద కత్తిరించిన నంబరు ఉంటే ఇక్కడ పూర్తిది దొరుకుతుంది. దగ్గర్నుంచి తీసిన ఫొటో అయితే ముందు ఇక్కడే వెతకండి.

బ్రిటిష్ డకోటా మీద కేజీ374 లాంటి నంబర్లు ఉంటాయి. వీటిలో సంవత్సరం ఎక్కడ?

లేదు. బ్రిటిష్ పద్ధతిలో రెండు అక్షరాలు, మూడు అంకెలు, అంతే. డకోటాలకు ఎఫ్‌డీ, ఎఫ్ఎల్, ఎఫ్‌జెడ్, కేజీ, కేజే, కేకే, కేఎన్ లాంటి వరసలు వచ్చాయి. శత్రువు లెక్కపెట్టి మొత్తం ఎన్ని ఉన్నాయో కనిపెట్టకుండా వరసల మధ్య కావాలనే ఖాళీలు వదిలేవారు. నంబర్ తోక ముందు, ఫ్యూజలాజ్ (విమానం ఒళ్ళు) వెనక భాగంలో చిన్నగా ఉంటుంది.

కేజీ374 అడిగారు కాబట్టి దాని సంగతి చెప్పకుండా ఉండలేను. 1944 సెప్టెంబర్ 19న నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ దగ్గర చిక్కుకున్న సైనికులకు సామాన్లు జారవేయడానికి వెళ్ళిన విమానం అది. పైలట్ డేవిడ్ లార్డ్, అంతకుముందు 31 స్క్వాడ్రన్‌తో మన దేశం నుంచి, బర్మా మీద ఎగిరినవాడే. కుడి ఇంజిన్ అంటుకుంది. అయినా సామాను జారవేసి, ఇంకా రెండు పెట్టెలు మిగిలాయని తెలిసి మళ్ళీ చుట్టు తిరిగి వచ్చాడు. సిబ్బందిని దూకమన్న కాసేపటికే రెక్క విరిగిపోయింది. బతికింది నావిగేటర్ హ్యారీ కింగ్ ఒక్కడే. లార్డ్‌కి బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ యుద్ధంలో ట్రాన్స్‌పోర్ట్ కమాండ్‌లో ఆ పతకం వచ్చింది ఆయన ఒక్కడికే. జారవేసిన చోటు అప్పటికే జర్మన్ల చేతిలో ఉందన్న సంగతి పైన ఉన్నవాళ్ళకు తెలియదు.

ముక్కు దగ్గర 3ఎక్స్, డీ8, వైఎస్ లాంటి పెద్ద అక్షరాలు?

స్క్వాడ్రన్ కోడ్‌లు. అమెరికన్ ట్రూప్ క్యారియర్ (సైనికులను మోసే రవాణా దళం) గ్రూపులో నాలుగు స్క్వాడ్రన్లు ఉంటాయి, ఒక్కో దానికి ఒక్కో కోడ్. 3ఎక్స్ అంటే 87వ ట్రూప్ క్యారియర్ స్క్వాడ్రన్, డీ8 అంటే 94వది. వీటిని కాక్‌పిట్ వెనక పక్క మీద పెద్దగా రాసి, ఆ స్క్వాడ్రన్‌లో ఆ విమానం ఏదో చెప్పే ఒక్క అక్షరాన్ని తోక మీద పెట్టేవారు. బ్రిటిష్‌వాళ్ళలో 271 స్క్వాడ్రన్‌ది వైఎస్, 233ది 5టి. సీరియల్ విమానం పుట్టిన దగ్గర్నుంచి దానితోనే ఉంటుంది. కోడ్ మాత్రం యూనిట్ మారితే మారిపోతుంది. అందుకని కోడ్ ఒక్కటే చూసి "ఇది ఫలానా విమానం" అని తేల్చేయకండి.

తలుపు పక్కన చేత్తో రాసినట్టు 66 అని ఉంది. ఎవరో పిల్లలు గీశారా?

పిల్లలు కాదు. అది చాక్ నంబర్. సుద్దముక్కతో రాసేవారు కాబట్టి ఆ పేరు. చీకట్లో, రన్‌వే పక్కన ఒకే రకం విమానాలు డజన్ల కొద్దీ ఆగి ఉంటే, ముప్పై నలభై కిలోల బరువు కట్టుకున్న పారాట్రూపర్ తన విమానం ఏదో ఎలా కనుక్కుంటాడు? తన బృందానికి ఇచ్చిన అంకె చూసుకుని ఎక్కుతాడు. అమెరికన్ సైన్యంలో ఇప్పటికీ ఒకే విమానం ఎక్కే బృందాన్ని చాక్ అనే పిలుస్తారు.

మీరు చెప్పిన 66 నార్మండీ కథల్లో బాగా తెలిసిన అంకె. 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో ఈజీ కంపెనీ అనే దళానికి కమాండర్ థామస్ మీహన్ ఎక్కిన విమానం అదే. 1944 జూన్ 6 తెల్లవారుజామున బెజ్‌విల్-ఓ-ప్లాన్ దగ్గర కూలిపోయింది, అందరూ చనిపోయారు. సుద్ద రాత వానకు పోతుంది, చేయి తగిలినా పోతుంది. కాబట్టి ఫొటోలో అది కనబడిందంటే ఆ ఫొటో దాదాపు ఆ ఆపరేషన్ రోజుల్లో తీసినదే.

## నలుపు తెలుపు చారలు

డి-డే (1944 జూన్ 6, నార్మండీ దాడి రోజు) విమానాల మీద చారలు వేయాలన్న ఆలోచన ఎక్కడ పుట్టింది?

ఇటలీ దీవి సిసిలీలో జరిగిన ఘోరం నుంచి. 1943 జూలై 11 రాత్రి 504వ పారాచూట్ రెజిమెంట్‌ను తీసుకుని 144 అమెరికన్ రవాణా విమానాలు ట్యునీషియా నుంచి సిసిలీకి బయలుదేరాయి. తీరంలో ఉన్నవి సొంత ఓడలు, నేల మీద ఉన్నది సొంత సైన్యం. కానీ అంతకు కొద్దిసేపటి ముందే జర్మన్ బాంబర్లు వచ్చి వెళ్ళాయి. గన్నర్లు టెన్షన్‌లో ఉన్నారు. మనవాళ్ళు వస్తున్నారన్న కబురు అందరికీ అందలేదు. మొదటి విమానాలు బాగానే దాటాయి. ఆ తరవాత ఎవరో ఒక గన్నర్ కాల్చాడు, అది చూసి పక్కవాడు, ఆ పక్కవాడు. 23 విమానాలు తిరిగి రాలేదు, 37 దెబ్బతిన్నాయి.

ఏడాది తిరిగేసరికి నార్మండీ మీదికి వేల విమానాలు ఒకేసారి వెళ్ళాల్సి వచ్చింది. ఎవరు మిత్రుడో చెప్పే రేడియో పరికరం ఐఎఫ్ఎఫ్ అప్పటికే ఉంది. కానీ ఆకాశంలో అన్ని విమానాలు ఒకేసారి జవాబిస్తే రాడార్ తెరలు నిండిపోయి ఏదీ తెలియదు. కంటికి కనబడే గుర్తే నయం అనుకున్నారు. మిత్రదేశాల ప్రధాన కార్యాలయం 1944 ఏప్రిల్ 18న ఆపరేషన్ మెమోరాండం 23 పేరుతో ఆదేశం రాసింది.

చారలు ఎన్ని, ఎంత వెడల్పు?

ఐదు: తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు. ఒక ఇంజిన్ విమానానికి ఒక్కో చార 18 అంగుళాలు, రెండు ఇంజిన్ల వాటికి 24 అంగుళాలు. అంటే డకోటా మీద ఐదూ కలిపితే పది అడుగుల పట్టీ. రెక్కల మీద ఇంజిన్‌కు బయటివైపు, ఫ్యూజలాజ్ మీద తోకకు ముందు చుట్టూ వేస్తారు. దేశం గుర్తు మీద మాత్రం చార పడకూడదని ఆదేశంలో ఉంది. చార, నక్షత్రం ఒకచోటికి వస్తే చారే తప్పుకోవాలి.

అన్ని విమానాలకూ వేశారా?

లేదు. నాలుగు ఇంజిన్ల భారీ బాంబర్లకు మినహాయింపు ఇచ్చారు. జర్మన్ల దగ్గర అలాంటివి అరుదు కాబట్టి పొరబడే అవకాశం తక్కువ. రవాణా విమానాలకు, వాటి వెనక తాడుతో లాగే, ఇంజిన్ లేని వాకో, హోర్సా గ్లైడర్లకు తప్పనిసరిగా వేశారు.

ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది కదా, జూన్ దాకా ఎందుకు ఆగారు?

ముందే వేస్తే జర్మన్ నిఘా విమానం ఒక్క ఫొటో తీస్తే చాలు, వాళ్ళూ చారలు వేసుకుని రావచ్చు. పైగా దాడి దగ్గరపడిందని తెలిసిపోతుంది. కాబట్టి చివరి రోజుల దాకా ఆపి, జూన్ మొదటి వారంలో ఒక్కసారిగా పని మొదలుపెట్టారు. ట్రూప్ క్యారియర్లకు జూన్ 3 నాటికల్లా వేయడం మొదలైంది. వందల విమానాలు, ఒకటి రెండు రోజుల గడువు. బ్రష్షులు, చీపుళ్ళు, ఏది దొరికితే అది పట్టుకుని వేశారు. అసలు ఫొటోలు పెద్దవి చేసి చూస్తే అంచులు వంకరగా, తెలుపు కింద ఆలివ్ రంగు కనబడుతూ, రంగు కారిన మరకలతో ఉంటాయి.

పారాట్రూపర్లు దిగింది అర్ధరాత్రి కదా. చీకట్లో చారలు ఏం పనికొస్తాయి?

మంచి ప్రశ్న. నా ఉద్దేశంలో ఆ రాత్రికి చారలు చేసిన మేలు తక్కువే. వెన్నెలలో దగ్గర్నుంచి తెలుపు కాస్త కనబడి ఉండవచ్చు, అంతకుమించి కాదు. ఆ రాత్రి కాపాడింది దారి. సిసిలీ అనుభవంతో అమెరికన్ విమానాలను సొంత ఓడల మీదుగా పంపకుండా, చుట్టు తిప్పి, కొటెంటిన్ ద్వీపకల్పం మీదికి పడమటి వైపు నుంచి తీసుకొచ్చారు. ఓడల వాళ్ళకూ గట్టి ఆదేశాలు వెళ్ళాయి. చారలు నిజంగా పనికొచ్చింది ఆ మర్నాటి నుంచి, పట్టపగలు గ్లైడర్లు, సామాన్ల విమానాలు వెళ్ళినప్పుడు.

చారలు ఎన్నాళ్ళు ఉన్నాయి?

నెల తిరగకుండానే తగ్గించడం మొదలైంది. పైభాగంలో ఉన్న తెల్ల చారలు నేల మీద ఆగి ఉన్న విమానాన్ని శత్రువుకు చూపించేస్తాయి. జూలై నుంచి పైవైపు చెరిపేసి, కింది సగం ఉంచారు. సెప్టెంబర్‌లో ఆర్న్‌హెమ్‌కు వెళ్ళిన డకోటాల ఫొటోల్లో ఈ సగం చారలే ఎక్కువ. 1944 ముగిసేసరికి పూర్తిగా తీసేశారు.

డి-డే తరవాత మళ్ళీ ఎప్పుడైనా వేశారా?

1956 సూయజ్ యుద్ధంలో వేశారు. అప్పుడు బ్రిటిష్, ఫ్రెంచ్, ఇజ్రాయెలీ విమానాల మీద పసుపు, నలుపు చారలు.

## బర్మా రంగం, మన దేశం

బర్మా మీద ఎగిరిన బ్రిటిష్ డకోటాల వలయంలో ఎరుపు ఎందుకు లేదు?

జపాన్ గుర్తు ఎర్రటి సూర్యబింబం. కంగారులో ఉన్న గన్నర్‌కు ఎరుపు చుక్క కనబడితే చాలు, చుట్టూ ఏ రంగు ఉందో చూడడు. అందుకే ఆగ్నేయాసియా కమాండ్‌లో ఎరుపు పూర్తిగా తీసేసి, ముదురు నీలం లోపల లేత నీలం పెట్టారు. మన వాయుసేన విమానాలకూ యుద్ధకాలంలో ఇదే గుర్తు. ఇదే కారణంతో అమెరికన్లు కూడా 1942 మేలో తమ నక్షత్రం మధ్యలో ఉన్న ఎర్ర చుక్కను తీసేశారు.

ఫొటో మీద తేదీ లేదు. అమెరికన్ నక్షత్రం చూసి ఏ ఏడో చెప్పగలమా?

చాలావరకు చెప్పవచ్చు. నక్షత్రం మధ్యలో ఎర్ర చుక్క ఉంటే 1942 మే కన్నా ముందు. చుక్క లేకుండా నీలి వలయంలో ఒట్టి తెల్ల నక్షత్రం ఉంటే అక్కడి నుంచి 1943 మధ్య వరకు. చుట్టూ పసుపు గీత ఉంటే 1942 నవంబర్‌లో ఉత్తరాఫ్రికా దాడితో మొదలైన కాలం, ఎక్కువగా ఆ ప్రాంతం. 1943 జూన్ చివర్లో రెండు పక్కలా తెల్ల పట్టీలు చేర్చి, చుట్టూ ఎర్ర అంచు ఇచ్చారు. పసిఫిక్‌లో మళ్ళీ ఎరుపా అని గోల రావడంతో కొద్ది నెలల్లోనే అంచును నీలం చేశారు. పట్టీల మధ్యలో ఎర్ర గీత కనబడితే అది 1947 జనవరి తరవాతది, యుద్ధం అయిపోయింది.

ఒక జాగ్రత్త. గుర్తు మారిందని అన్ని విమానాలకూ ఆ రోజే రంగు వేయరు. మారుమూల స్థావరాల్లో పాతది నెలల తరబడి అలాగే ఉండిపోయేది. పైగా నలుపు తెలుపు ఫొటోలో రంగును నమ్మకండి. ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు తెలియదు. దాని మీద ఎరుపు నల్లగా పడుతుంది, నీలం వెలిసిపోయినట్టు కనబడుతుంది.

ముక్కు మీద ఏనుగు బొమ్మ ఉన్న డకోటా చూశాను. సైన్యం ఒప్పుకునేదా?

194 స్క్వాడ్రన్ అయి ఉండవచ్చు. బర్మా సైనికులకు సామాన్లు చేరవేసిన ఆ స్క్వాడ్రన్ గుర్తు ఎగిరే ఏనుగు. ఇలాంటి బొమ్మలకు, పేర్లకు అధికారికంగా చోటు లేకపోయినా పైవాళ్ళు చూసీచూడనట్టు ఉండేవారు. అమ్మాయి బొమ్మలు, భార్య పేర్లు, చిన్న చిన్న పారాచూట్ బొమ్మలు కూడా కనబడతాయి. పారాచూట్ అయితే ఒక్కోటి పారాట్రూపర్లను దింపిన ఒక్కో ట్రిప్పుకు లెక్క.

అస్సాం నుంచి చైనాకు వెళ్ళిన విమానం మీద చైనా అక్షరం ఉంది. చైనా సైన్యానిదా?

సైన్యానిది కాదు. వలయంలో 中 ఆకారపు అక్షరం ఉంటే చైనా నేషనల్ ఏవియేషన్ కార్పొరేషన్ విమానం. పేరుకు పౌర సంస్థే. కానీ దింజాన్ లాంటి అస్సాం స్థావరాల నుంచి హిమాలయాల మీదుగా యుద్ధ సామగ్రి మోసింది. ఆ దారినే హంప్ అనేవారు. అదే దారిలో అమెరికన్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ కమాండ్ విమానాలూ తిరిగేవి, వాటి మీద మామూలు నక్షత్రమే ఉంటుంది.

వీపీ905 అని రాసి ఉన్న మన డకోటా నిజంగా 1947లో శ్రీనగర్ వెళ్ళినదేనా?

నంబర్ అదే, విమానం అది కాదు. 1947 అక్టోబర్ 27న లెఫ్టినెంట్ కల్నల్ దీవాన్ రంజిత్ రాయ్ నాయకత్వంలో సిఖ్ రెజిమెంట్ మొదటి బెటాలియన్ సైనికులను శ్రీనగర్‌లో దించిన డకోటాల జ్ఞాపకంగా ఆ నంబర్ పెట్టారు. ఇప్పుడు వాయుసేన వింటేజ్ ఫ్లైట్‌లో ఉన్నది వేరే డకోటా. డకోటా పైలట్ ఎయిర్ కమడోర్ ఎం.కె. చంద్రశేఖర్ కొడుకు రాజీవ్ చంద్రశేఖర్ దాన్ని బాగుచేయించి బహుమతిగా ఇచ్చారు. 2018లో బ్రిటన్ నుంచి ఎగిరి వచ్చింది. పేరు పరశురామ.

బేగంపేట నుంచి డకోటాలు ఎగిరేవని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. వాటి మీద సైనిక గుర్తులు ఉండేవా?

పెద్దవాళ్ళు చెప్పింది నిజమే. నిజాం హయాంలో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటాలు నడిపింది. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. యుద్ధం అయ్యాక సైన్యానికి అక్కర్లేని సి-47లు మన దేశంలో చాలా చవకగా దొరికాయి. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో ఇలాంటి వాటిని పౌర విమానాలుగా మార్చేవారు. మార్చేటప్పుడు నక్షత్రాలు, వలయాలు తీసేసి వీటీ- అని మొదలయ్యే పౌర రిజిస్ట్రేషన్ రాసేవారు. ఫొటోలో వీటీ- కనబడితే సైనిక సీరియల్ కోసం ఒంటి మీద వెతికి లాభం లేదు, కాగితాల్లోనే వెతకాలి.

## ఇతర దేశాల విమానాలు

జర్మన్ జంకర్స్ 52 మీద శిలువకు అటూ ఇటూ అక్షరాలు ఉంటాయి. ఎలా చదవాలి?

శిలువకు ఎడమవైపు రెండూ యూనిట్. ఉదాహరణకి 1జెడ్ అంటే రవాణా దళం కేజీజెడ్‌బీవీ 1. కుడివైపు మొదటి అక్షరం ఆ విమానం సొంత అక్షరం, చివరిది స్టాఫెల్, అంటే స్క్వాడ్రన్ లాంటిది. హెచ్ అయితే 1వ స్టాఫెల్, కె అయితే 2వది, ఎల్ అయితే 3వది. వెనక భాగం చుట్టూ పసుపు పట్టీ ఉంటే తూర్పు రంగం, తెల్ల పట్టీ ఉంటే మధ్యధరా. స్టాలిన్‌గ్రాడ్‌కు సామాన్లు మోసిన చలికాలంలో చాలావాటికి మంచులో కలిసిపోయేలా పైన తెల్ల సున్నం లాంటి రంగు పూసేవారు.

గాయపడినవాళ్ళను మోసే డకోటాకు ఎర్ర శిలువ ఎందుకు వేయలేదు? వేస్తే కాల్చరు కదా?

వేస్తే మాట తప్పినట్టు అవుతుంది. 1929 జెనీవా ఒప్పందం ప్రకారం వైద్య విమానం తెల్లగా ఉండాలి, పైనా కిందా ఎర్ర శిలువ ఉండాలి, వేరే పనికి వాడకూడదు. సి-47 వెళ్ళేటప్పుడు తూటాలు, పెట్రోలు, సైనికులను తీసుకెళ్తుంది. వచ్చేటప్పుడు అదే నేల మీద స్ట్రెచర్లు బిగించుకుని క్షతగాత్రులను తెస్తుంది. కాబట్టి ఆ గుర్తు వేసుకునే హక్కు దానికి లేదు. అందులో ఎగిరిన ఫ్లైట్ నర్సులకు ఆ సంగతి తెలుసు. తెలిసే ఎక్కేవారు.

తెల్ల విమానం, ఆకుపచ్చ శిలువ... ఇది ఏ దేశానిది?

జపాన్. లొంగుబాటు మాటలకు వచ్చే విమానాలను తెల్లగా మార్చి, ఎర్ర సూర్యుడి చోట ఆకుపచ్చ శిలువ వేయాలని అమెరికన్లు షరతు పెట్టారు. 1945 ఆగస్టు 19న అలాంటి రెండు విమానాలు ఒకినావా పక్కన ఇయెషిమా ద్వీపంలో దిగాయి. అక్కడి నుంచి ప్రతినిధులను అమెరికన్ రవాణా విమానం సి-54లో మనీలా తీసుకెళ్ళారు.

## మోడళ్ళు, మ్యూజియాలు, ఇంట్లో ఫొటోలు

మోడల్ మీద చార ఎన్ని మిల్లీమీటర్లు వేయాలి?

డకోటా అయితే 1/72 స్కేలులో సుమారు 8.5 మి.మీ., 1/48లో 12.7 మి.మీ., 1/144లో 4.2 మి.మీ. మాస్కింగ్ టేపు వేసి కత్తితో కోసినట్టు గీయకండి. అసలువి అలా లేవు. అంచు కాస్త వణికితేనే నమ్మబుద్ధి అవుతుంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు ఏవి?

డి-డే చారల పక్కన ఎర్ర గీత ఉన్న నక్షత్రం అతికించడం అన్నిటికన్నా ఎక్కువ. అవి రెండూ ఒకే విమానం మీద ఉండే వీల్లేదు, మధ్యలో రెండున్నరేళ్ళు ఉంది. ఆర్న్‌హెమ్ డకోటాకు పైన కూడా పూర్తి చారలు వేయడం, బర్మా డకోటాకు నార్మండీ చారలు వేయడం తరవాతివి. కిట్‌తో వచ్చిన డెకాల్ షీటును (అతికించే గుర్తుల కాగితం) గుడ్డిగా నమ్మకండి. మీరు కట్టే ఆ ఒక్క విమానం ఫొటో వెతికి చూసుకుని అతికించండి.

మ్యూజియంలో ఉన్న విమానం మీది నంబర్ అసలుదేనా?

చాలాసార్లు కాదు. బ్రిటిష్ వాయుసేన పాత యుద్ధ విమానాలను ఎగరేసే బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ మెమోరియల్ ఫ్లైట్‌లోని డకోటా అసలు సీరియల్ జెడ్ఏ947. దాని మీద ఒకప్పుడు డేవిడ్ లార్డ్ విమానపు కేజీ374 రాశారు, తరవాత 233 స్క్వాడ్రన్ విమానం ఎఫ్‌జెడ్692 గుర్తులు వేశారు. అదేం మోసం కాదు, పోయిన విమానాలను గుర్తు చేయడానికి చేసే పని. కానీ ఆ ఫొటో పట్టుకుని "ఇదే లార్డ్ నడిపింది" అని రాసేవాళ్ళు ఉన్నారు. కాక్‌పిట్‌లో తయారీదారు బిగించిన ప్లేటు ఉంటే దాని మీది నంబర్ చూడండి.

తాతగారి ట్రంకు పెట్టెలో విమానం ఫొటో దొరికింది. ఏం చేయాలి?

ముందు వెనక్కి తిప్పి చూడండి. ఊరు పేరు, తేదీ, సెన్సార్ ముద్ర ఉండవచ్చు. రెండు వైపులా స్కాన్ చేయండి, ఫోన్ ఫొటోతో సరిపెట్టకండి, తోక మీది అంకెలు అలుక్కుపోతాయి. సీరియల్ పూర్తిగా చదవగలిగితే దారి సులువు. అమెరికన్ విమానం 1943 మధ్య తరవాత కనబడకుండా పోతే మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్టు రాసేవారు, అందులో సీరియల్‌తో పాటు సిబ్బంది పేర్లు, ఇంజిన్ నంబర్లు కూడా ఉంటాయి. బ్రిటిష్ స్క్వాడ్రన్ అయితే లండన్ పక్కన క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరసలో ఉన్న ఆపరేషన్స్ రికార్డు పుస్తకాలు చూడాలి. ఏ రోజు ఏ విమానం ఎక్కడికి వెళ్ళిందో, ఎవరు నడిపారో చాలావరకు అందులో దొరుకుతుంది. సీరియల్‌లో ఒకటి రెండు అంకెలు చదవలేకపోతే అక్కడ చుక్క పెట్టి వదిలేయండి. ఊహించి నింపితే వేరే ఎవరి విమానం కథో మీ తాతగారి పేరు మీద పడుతుంది.